ముక్కముక్కగా పుట్టింటికెళ్ళిన సైకిలు

మా గరివిడిలో గేర్ల సైకిలు మొట్టమొదట తొక్కినవాణ్ణి నేనే. గరివిడి ఒక్కటే ఏమిటి, విజయనగరం జిల్లా మొత్తానికి నేనే అని చాలాకాలం చెప్పుకున్నాను. జిల్లా సంగతి నాకేం తెలుసు? మా వీధిలో మాత్రం నేనే. ఆ మాటకొస్తే వెనక వీధిలో ఇంజనీరు గారింట్లో కూడా ఒకటి ఉండేదట. దాని గేర్లు పనిచేసేవి కావని విన్నాను కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నా మాటలు ఇలాగే ఉంటాయి. ముందు పాలలా పొంగుతాయి, తర్వాత నేనే నీళ్ళు చల్లుతాను. ఫ్యాక్టరీలో ఫర్నేసు పక్కన చాకిరీ చేశానంటాను. నిజానికి నాది స్టోర్సులో ఉద్యోగం, స్టోర్సు కిటికీలోంచి ఫర్నేసు కనబడేది. రిటైరయ్యాక టీ బడ్డీ దగ్గర నాతో కూర్చునేవాళ్ళు నా ప్రతి మాటకీ సగం తరుగు తీసి వింటారు. వాళ్ళ తప్పేం లేదు.

కానీ ఆ సైకిలు అబద్ధం కాదు. ఓడలో సముద్రం దాటి వచ్చిన జపాను సైకిలు. కొండలెక్కడానికి చేసినది. లావుపాటి టైర్లు, అడ్డంగా కర్రలా తిన్నగా ఉండే హ్యాండిలు, బొటనవేలితో తోస్తే మారే గేర్లు, సీటు కింది గొట్టం మీద జపాను అక్షరాల చీటీ. నేను చెప్పుకునే సంగతులన్నిటిలో చేత్తో పట్టుకుని చూపించగలిగేది అదొక్కటే. అది మా మెట్ల కింద ఏళ్ళ తరబడి తుప్పుపట్టి పడి ఉంది. దాన్ని దాని ఇనుముతోనే, దాని గేర్లతోనే మళ్ళీ రోడ్డెక్కించాలి. ఒక్కసారైనా దాని మీద కూర్చుని టీ బడ్డీ ముందునుంచి పోవాలి. ముసలితనంలో నేను పెట్టుకున్న కోరిక అదొక్కటే. రెండోది కూడా ఉంది గానీ అది పళ్ళ సెట్టు, దాని గురించి రాయడానికేం లేదు.

ఆ సైకిలు నాకెలా వచ్చిందో ముందు చెప్పాలి. అలక పానుపు మీద వచ్చింది.

నా పెళ్ళి ఆమదాలవలసలో, మా ఆవిడ పుట్టింట్లో జరిగింది. చివరి రోజు పెళ్ళికొడుకుని పానుపు మీద కూర్చోబెట్టి అలగమంటారు కదా. అడిగింది ఇస్తామని మామగారు మాటిచ్చేదాకా లేవకూడదు, తినకూడదు. మా వాళ్ళలో ఒకరు చెవిలో స్కూటరన్నారు, ఒకరు వాచీ అన్నారు. నాకు కిటికీలోంచి అరుగుకి ఆనించిన ఆ సైకిలు కనబడింది. అదే కావాలన్నాను. స్కూటరు అడుగుతానేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్న మామగారు ఎంత తేలికపడ్డారంటే, పక్కన ఎవరినీ అడగకుండానే తల ఊపేశారు.

ఆ సైకిలు మామగారిది కాదు. మా ఆవిడ తమ్ముడిది. అప్పటికి వాడింకా మీసం సరిగా రాని కుర్రాడు. విశాఖ పోర్టులో ఏడాదిపాటు మూటలు మోసి, ఆ డబ్బుతో ఒక ఓడ మనిషి దగ్గర కొనుక్కున్నాడు. అది వాడిదని నాకు తెలియదని ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చాను. తెలుసు. పెళ్ళికి ముందు రోజు మా బస్సు ముందు ఆ సైకిలు తొక్కుతూ మాకు విడిదిల్లు చూపించింది వాడే.

ఆచారం ప్రకారం అలిగిన బావకి వస్తువు తెచ్చి ఇవ్వాల్సింది బావమరిదే. వాడే దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పానుపు దాకా నడిపించుకొచ్చి, "ఇంక లెగు బావా, అన్నం సల్లారిపోతాది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అందరూ నవ్వారు. మా వైపు బావ బావమరిదిని ఆట పట్టించాలి, బావమరిది బావని ఆట పట్టించాలి, ఇద్దరిలో ఎవరూ నొచ్చుకోకూడదు. నొచ్చుకున్నవాడు ఓడిపోయినట్టు.

ఆ సైకిలు మీద సాలూరు ఘాటు ఎక్కాను నేను. కాలు కింద పెట్టకుండా ఎక్కాను. కాలు కింద పెట్టకపోవడం మాత్రం నిజం. ఒడిశా వైపు పోయే లోడు లారీ ఒకటి మూలుగుతూ ఎక్కుతోంది, దాని వెనక వేలాడే తాడు నా ఎడమ చేతిలో ఉంది. దిగేటప్పుడు లారీ లేదు. దిగేటప్పుడే ఒక మలుపులో పడ్డాను. పై గొట్టం మీద బొటనవేలు పట్టేంత సొట్ట పడింది. ఆ సొట్ట మాత్రం పూర్తిగా నా సొంతం.

ఇక బాగుచేయించడం సంగతి. బావమరిది ఇప్పుడు ఆమదాలవలసలో బియ్యం, వడ్ల వ్యాపారం చేస్తాడు. యాభై దాటినవాడు. ఆదివారాలు పాసింజరులో మా ఇంటికొచ్చి, అక్క చేతి చేపల పులుసు తిని, సాయంత్రం బండికి పోవడం వాడి అలవాటు. పోయిన వానాకాలంలో ఒక ఆదివారం భోజనాల దగ్గర సైకిలు మాట ఎత్తాను. విజయనగరంలో ఎవరికైనా అప్పగిస్తానన్నాను. వాడు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"ఎవలికో ఎందుకు బావా? నాను సూస్తాను. దాని పేనం నాకు తెలుసు."

నా పళ్ళెంలోని చేపముక్క తీసి వాడి పళ్ళెంలో వేశాను. ముళ్ళెక్కువని ఇంట్లోవాళ్ళకి చెప్పాను.

ఆ రోజే పెరట్లో గోనెపట్టా పరిచి మొదలుపెట్టాం. ఫ్రేములో సీటు గొట్టం తుప్పుతో అతుక్కుపోయింది. కిరసనాయిలు పోసి వారం వదిలేస్తే గానీ కదల్లేదు. కదిలిన రోజు ఇద్దరం చెరో వైపు పట్టి మెలిపెట్టాం. అది కీచుమని అరుస్తూ ఊడివచ్చేసరికి ఇద్దరం వెల్లకిలా పడ్డాం. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వింది. ఆ నవ్వు చాలా రోజుల తర్వాత చూశాను. అంతా బాగుందనుకున్నాను.

తర్వాత గేర్లు మార్చే మీటలు విప్పాడు. లోపల గ్రీజు బెల్లం పాకంలా గడ్డకట్టింది. వెలుగుకేసి పట్టి చూశాడు, పెదవి విరిచాడు, ఇవి పోయాయి బావా అన్నాడు. విశాఖలో పాత సైకిళ్ళ సామాను అమ్మేవాళ్ళున్నారని, నమూనా చూపిస్తే అలాంటివే ఇస్తారని చెప్పి బియ్యం సంచిలో వేసుకున్నాడు. మరుసటి ఆదివారం మెరిసే మీటలు తెచ్చాడు. పాతవేవిరా అంటే, నమూనాకని కొట్టువాడే అట్టేపెట్టుకున్నాడన్నాడు.

అలా మొదలైంది. బ్రేకుల చేతులు పగుళ్ళిచ్చాయన్నాడు. పెడల్స్ ఇరుసు వంగిందన్నాడు. పళ్ళచక్రం ముట్టుకుంటే పొడి రాలుతోందన్నాడు. వాడు దాన్ని ముట్టుకునేటప్పుడు చేతిలో ముందే కొంచెం తుప్పుపొడి ఉండేదని ఇప్పుడు అనుకుంటున్నాను. అది కూడా నేను కల్పించుకున్నదే కావచ్చు. ప్రతిదానికీ వాడి దగ్గర ఒక కారణం ఉండేది, ఆ కారణానికి ఒక చిన్న కథ ఉండేది. అబద్ధం చెప్పడంలో నన్ను మించినవాడు మా చుట్టాల్లో లేడని నా నమ్మకం. ఆ గర్వంలో నాకు వాడి మీద అనుమానమే రాలేదు.

సంచి మూతి పట్టుకున్నది నేను. తాడు కట్టింది నేను. స్టేషను దాకా ఆటోలో పక్కన కూర్చుని, ఆ సంచి వాడి కాళ్ళ దగ్గర పెట్టి వాణ్ణి బండెక్కించింది కూడా నేనే.

ఒక వారం కొత్త వడ్లు దిగుతున్నాయని వాడు రాలేకపోయాడు. మా ఆవిడ తనే పుట్టింటికి పోతూ చక్రాలు రెండూ రైల్లో పట్టుకెళ్ళింది. మోకాళ్ళ నొప్పులని కూరగాయల సంచి కూడా నా చేత మోయించే మనిషి. తమ్ముడి మీద ప్రేమ అనుకున్నాను. ప్రేమే. అందులో పొరపాటు లేదు.

చివరికి ఫ్రేము ఒక్కటే మిగిలింది. దాని రంగు ఎండిన ఆవాల ఆకు రంగు, సగం పెచ్చులూడిపోయింది. సాలూరులో లారీ బాడీలకి రంగులేసేవాళ్ళు తనకి తెలుసని, నీలం రంగు కొట్టిస్తే అద్దంలా ఉంటుందని చెప్పాడు. జపాను చీటీ పోతుందేమోరా అంటే, ఆ అక్షరాలు మళ్ళీ చేత్తో రాయిస్తానన్నాడు. మూడు వారాలకి తెచ్చాడు. నిజంగానే అద్దంలా ఉంది. ఒడిశా లారీలకి కూడా పేర్లు రాసే మనిషి కాబోలు, జపాను అక్షరాలు కాస్తా ఒరియా అక్షరాల్లా గుండ్రంగా తిరిగాయి. సొట్ట లేదు. పుట్టీ పెట్టి సాపు చేయించానన్నాడు. నా సొట్ట పోయినందుకు నాకు కొంచెం బాధేసింది. పైకి మాత్రం శెభాష్ అన్నాను.

అన్నీ బిగించాక ఆ సైకిలెక్కి టీ బడ్డీ ముందునుంచి వెళ్ళాను. ఒకసారి కాదు, అటూ ఇటూ కలిపి ఎన్నిసార్లో. బడ్డీ దగ్గర కూర్చున్నవాళ్ళు లేచి వచ్చారు. ఒకాయన గేర్లు తోసి చూశాడు, ఒకాయన ఆ గుండ్రటి అక్షరాలకి అర్థమేమిటని అడిగాడు. కొండల దొర అని చెప్పాను. మర్నాడు ఇంకొకరడిగితే గాలిగుర్రం అని చెప్పాను. ఎవరూ తరుగు తీయలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నా మాటని నిండు తూకంతో తీసుకున్నారు.

తొక్కుతుంటే మాత్రం ఏదో తేడాగా ఉండేది. మలుపు తిరిగేటప్పుడు మోకాలు హ్యాండిలుకి కొట్టుకునేది. వయసు మీద కాళ్ళు సాగాయేమో అనుకున్నాను.

ఇంత చేసిన బావమరిదికి బట్టలు పెట్టాలనిపించింది. అక్కాబావలు పెట్టే బట్టలంటే మాటలా? విజయనగరం పోయి మంచి పంచెల చాపు, చొక్కా గుడ్డ కొన్నాను. కొట్లో అన్నిటికంటే ఖరీదైనదే కొన్నానని రాయబోయాను. దాని కింది రకం. మా ఆవిడ అప్పటికి రెండ్రోజుల కిందటే పుట్టింటికి పోయింది. ఇద్దరినీ ఒకేసారి ఆశ్చర్యపరుద్దామని, ఫోను చేయకుండా పొద్దున్న పాసింజరెక్కి ఆమదాలవలసలో దిగాను.

కొట్లో గుమాస్తా నన్ను చూసి లేచి, షావుకారు వెనక గిడ్డంగిలో ఉన్నారని, పిలుస్తానని అన్నాడు. వద్దని చెప్పి, బట్టల కవరు కాటా మీద పెట్టి నేనే లోపలికి వెళ్ళాను.

వెనక తలుపు తీసి ఉంది. ఎండ లోపలిదాకా పడుతోంది, ఊకదుమ్ము లేస్తోంది. మా ఆవిడ బియ్యం బస్తా మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. బావమరిది కింద గొంతుక్కూర్చుని ఒక సైకిలు వెనక బ్రేకు బిగిస్తున్నాడు. ఎండిన ఆవాల ఆకు రంగు సైకిలు. తుప్పు మాత్రం గీకేసి, పాత రంగు ఉన్నచోట ఉన్నట్టే వదిలేశాడు. పళ్ళచక్రం నల్లగా నూనెతో మెరుస్తోంది. గేర్ల మీటలు హ్యాండిలుకి రెండు వైపులా ఉన్నాయి. గడ్డకట్టిన గ్రీజు కడిగేస్తే చాలు, వాటికి ఇంకే రోగమూ లేదన్నమాట. సీటు కింద చీటీ చిరిగిపోకుండా అలాగే ఉంది.

నేను వంగి పై గొట్టం తడిమాను. బొటనవేలు సొట్టలో కూర్చుంది.

"ఇదేటి?" అన్నాను.

"సైకిలు బావా."

"ఎవలిది?"

"నాది."

వాడు తల కూడా ఎత్తలేదు. బ్రేకు తీగ లాగి, మర బిగించి, అప్పుడు లేచాడు. "నీది నీకాడ ఉన్నాది కదా. నిగనిగలాడతన్నాది."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఒక్కసారిగా ఎత్తుకుపోయి ఉంటే దొంగ అని తిట్టేవాణ్ణి, గోల చేసేవాణ్ణి, తిరిగి లాక్కునేవాణ్ణి. వీడు నా పెరట్లో, నా గోనెపట్టా మీద విప్పి, నా చేతనే సంచి కట్టించి పట్టుకెళ్ళాడు. ప్రతి ఆదివారం నా ఎదురుగా కూర్చుని నా పులుసు తిన్నాడు. చేపలు మంచివి దొరికాయి బావా అన్నాడు. నేను ఊళ్ళో తొక్కుతున్నది ఏదో తుక్కులో దొరికిన పాత ఫ్రేముకి బజారు సామాను తగిలించిన సైకిలు. ఇంకా అర్థం కానిది ఒక్కటే మిగిలింది. మా ఆవిడ వైపు తిరిగి, నీకు తెలుసా అని అడిగాను.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"తెలుసు. నానే సెయ్యమని సెప్పినాను. నీ అలక దినం అందరూ నవ్వినారు గానీ ఆడు పశువుల సాల్లో కూకున్నాడు. అన్నం తిన్లేదు. నాను పెళ్ళికూతుర్ని, లెగిసి ఎల్లడానికి నేదు."

అడిగితే ఇచ్చేవాణ్ణి కదా అన్నాను. ఇది అన్నప్పుడు నా గొంతు నాకే నిజంలా వినబడింది.

"అడిగినాను బావా," అన్నాడు వాడు. "నువ్వు మెట్ల కింద పడీసిన ఏడాదే అడిగినాను. ఎవలో దొరలు కారేసుకొచ్చి అడిగితేనే ఇవ్వనేదన్నావు."

దొరలెవరూ రాలేదు. తుక్కు కొనేవాడు రిక్షా తోసుకుంటూ వచ్చాడు, అంతే. అది నేను వాళ్ళకి చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

గుమాస్తా తలుపు దగ్గరకి వచ్చి తొంగిచూసి, విషయం అర్థమై, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. వాడి వెనకే హమాలీలు ఇద్దరు. బావ మీద బావమరిది గెలిచాడు. వాళ్ళ లెక్కలో ఇది నవ్వాల్సిన సంగతి, అంతకంటే ఏం లేదు. నేనూ నవ్వాలి. నవ్వాను కూడా. నవ్వుతూ మా ఆవిడ మొహం చూశాను. ఆవిడ ఒక్కతే నవ్వలేదు. నేను నొచ్చుకున్నానని ఆవిడకి తెలుసు. తెలిసీ ఊరుకుంది. నన్ను కోసింది సైకిలు పోవడం కాదు, ఆ ఊరుకోవడం. ప్రతి ఆదివారం సాయంత్రం నేను సంచి కడుతుంటే తాడు కొస తెచ్చి చేతికి అందించింది ఆవిడే.

"ఓపాలి తొక్కు బావా," అన్నాడు వాడు, హ్యాండిలు నా వైపు తిప్పి.

ఆ సైకిలుని ఒక తన్ను తన్ని బయటికి వచ్చేశానని ఎవరికైనా చెప్పుకోవాలని ఉంటుంది. ఎవరికి చెప్పను? టీ బడ్డీ దగ్గర అంటే నా ఇంట్లో ఉన్నది బజారు సైకిలని నేనే దండోరా వేసుకున్నట్టు. అక్కడ ఇప్పటికీ అది జపానుదే. వాడు చేసిన మోసానికి రోజూ పొద్దున్నా సాయంత్రం నేనే కాపలా కాస్తున్నాను.

తన్నలేదు. ఎక్కాను.

కొట్టు దాటి స్టేషను రోడ్డు మీదికి వచ్చేసరికి ఒళ్ళు గుర్తుపట్టింది. మోకాళ్ళు ఎక్కడా తగల్లేదు. కాళ్ళేమీ సాగలేదు. బొటనవేలితో మీట తోస్తే కింద చైను ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి టక్కున దూకింది, కుర్రతనంలో దూకినట్టే. రోడ్డు ఎత్తెక్కుతోంది. ఇలాగే పోతే దూసి, పొందూరు, సిగడాం, చీపురుపల్లి, ఆ తర్వాత మా ఇల్లు. ఎవరు ఆపుతారు? వాడు స్కూటరు తీసి వెంటపడేలోగా ఊరు దాటేస్తాను. నిజంగానే అనుకున్నాను. హ్యాండిలు గట్టిగా పట్టుకుని, సీటు మీంచి లేచి నాలుగు తొక్కులు తొక్కాను.

వాడి మీద జాలేసి వెనక్కి తిరిగానని రాస్తే బాగుంటుంది. ఆయాసం వచ్చింది. ఎత్తు సగం కూడా ఎక్కలేదు, గుండె చెవుల్లో కొట్టుకుంది. దిగి, సైకిలుకి ఆనుకుని, ఊపిరి తీసుకుని, తోసుకుంటూ వెనక్కి వచ్చాను.

అక్కాతమ్ముళ్ళిద్దరూ కొట్టు ముందు నిలబడి ఉన్నారు. వాడు ఎదురొచ్చి సైకిలు అందుకున్నాడు. ఎలాగుంది బావా అని అడగలేదు. భుజం మీది తువ్వాలు తీసి, హ్యాండిలు మీద నేను పట్టుకున్న రెండు చోట్లా చెమట తుడిచాడు. గిడ్డంగిలోకి తోసుకుపోయి, గోడకి ఆనించి, బయటికొచ్చి తలుపు వేశాడు. కొట్లోకి పోయి తాళం తెచ్చాడు.

పెళ్ళైన దగ్గర్నుంచి ఆ ఇంట్లోగానీ ఆ కొట్లోగానీ నా ఎదురుగా ఎవరూ ఏ తలుపుకీ తాళం వేసి ఎరగరు. వాడు వేశాడు, ఒకసారి లాగి చూశాడు, తాళంచెవి మా ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ నా వైపు చూడకుండా కొంగున ముడేసుకుంది.